వంత పాడటం అంత చులకనా?

మొన్న వేసవిలో మా వీధి చివరి ఇంటాయన పదిహేనేళ్ల కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. కూర్చుని, మంచినీళ్లు తాగి, విషయం చెప్పాడు.

"రెండేళ్లుగా గిటారు నేర్పిస్తున్నామండీ. వీడికి లీడ్ పట్టుబడటం లేదు, వేళ్లు తిరగట్లేదంట. పోనీ, కనీసం బేస్ అయినా నేర్పుతారేమోనని మీ దగ్గరికి తీసుకొచ్చాను."

పోనీ, కనీసం, అయినా. ఒక్క వాక్యంలో మూడు దెబ్బలు. ఆయన మంచివాడు, నన్ను నొప్పించాలని అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. కావాలని అన్న మాటయితే తిరిగి ఓ మాట అని తేల్చేసుకోవచ్చు. లోకమంతా నమ్మేదాన్ని అలవోకగా అనేస్తే ఏం జవాబు చెప్తాం? పగలు బ్యాంకులో కౌంటరు, రాత్రి పెళ్లి పందిళ్లలోనూ వినాయక చవితి స్టేజీల మీదా బేస్ గిటారు, ఇలా ఇరవై రెండేళ్లు గడిపాను. ఈ అభిప్రాయాన్ని నేను వినని రూపం లేదు. ఎంసెట్‌లో ర్యాంకు రానివాడు డిగ్రీలో చేరినట్టు, లీడ్ రానివాడు బేస్‌లో చేరతాడట. నాలుగే తీగలు గనుక తేలికట. అసలు అది ఎవరికీ వినపడదట. వెనక ఏదో దుమ్ దుమ్ అంటుంటే సరిపోతుందట.

ఆ రోజు ఆయనతో వాదించలేదు. కాఫీ ఇచ్చి పంపాను. ఆ వాదన ఇక్కడ పెట్టుకుంటున్నాను.

ముందు మన భాష మీదే ఒక ఫిర్యాదు. ఎవడైనా నాయకుడి వెనక తలాడిస్తుంటే "వంత పాడుతున్నాడు" అంటాం. "తానా అంటే తందానా అంటాడు" అంటాం. "తాళం వేస్తున్నాడు" అంటాం. తోడు పలికేవాడికి సొంత బుర్ర ఉండదన్న నమ్మకం ఈ మాటల్లో గడ్డకట్టుకుని ఉంది. వీటిని పుట్టించినవాళ్లు బుర్రకథను దగ్గర కూర్చుని చూశారా అని నాకు అనుమానం. నడుమ తంబురా పట్టుకుని కథకుడు, అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. ఒకడిది హాస్యం, ఇంకొకడిది రాజకీయం. కథకుడు ఊపిరి తీసుకునే సందులో కథను కింద పడనివ్వకుండా పట్టుకునేది వాళ్లే. ముందు వరసలో ముసలాయన కునుకు తీస్తున్నాడని కనిపెట్టి ఓ కొంటె ప్రశ్న విసిరేది వాళ్లే. కథకుడికి కథ తెలిస్తే పని నడుస్తుంది. వంతకు కథా తెలియాలి, కథకుడి ఊపిరీ తెలియాలి, జనం నాడీ తెలియాలి. షేక్ నాజర్ పేరు చెప్పగానే చేతులు జోడించేవాళ్లు మనలో ఎంతోమంది. ఆయన పక్కన డక్కీ కొట్టినవాళ్ల పేర్లు అడిగి చూడండి.

సరే, బేస్ గిటారు సంగతి.

ఇంట్లో హార్మోనియం ఉంటే తీయండి. లేకపోతే ఫోనులో కీబోర్డు యాప్ అయినా ఫరవాలేదు. కుడిచేత్తో మధ్యస్థాయిలో స, గ, ప మూడూ కలిపి నొక్కి పట్టుకోండి. గాంధారం శంకరాభరణంలోది. ఇక ఆ వేళ్లు కదపొద్దు. ఎడమచేత్తో కింది స్థాయిలో షడ్జమం నొక్కండి. ఊరి నుంచి వచ్చి ఇంటి గుమ్మంలో చెప్పులు విడిచినట్టుంటుంది. ఇప్పుడు షడ్జమం వదిలేసి, ఆ కిందనే ఉన్న ధైవతం, శంకరాభరణంలోదే, నొక్కండి. కుడిచేతిలో అవే మూడు స్వరాలు, అదే బలం. అయినా గదిలో వెలుతురు తగ్గినట్టయింది కదూ? ధైవతం వదిలి ఇంకొంచెం కిందికి దిగి మధ్యమం నొక్కండి. ఇప్పుడు దిగులూ కాదు, సుఖమూ కాదు. ఎవరో తలుపు సగం తెరిచి ఆగారు. పాశ్చాత్యుల లెక్కలో మొదటిది సి మేజర్, రెండోది ఏ మైనర్ సెవెన్, మూడోది ఎఫ్ కుటుంబంలోది. పేర్లు గుర్తుండక్కర్లేదు. జరిగింది గుర్తుంటే చాలు.

ఆ కుడిచెయ్యి స్థానంలో ఒక గిటారువాణ్ణి, ఒక కీబోర్డువాణ్ణి, కోరస్ పాడే నలుగురు అమ్మాయిల్ని నిలబెట్టండి. అంతమంది కలిసి పలికిన దానికి అర్థం మార్చేసే అధికారం కింద ఉన్న ఒక్క వేలికి ఉంది. ఆ వేలి పనే బేస్. వెనక నడిచేవాడని మనం అనుకునేవాడు తలుచుకుంటే ముందున్న ఆరుగురినీ ఇంకో వీధిలోకి మళ్లించగలడు. మళ్లించాలా వద్దా, ఈ పాటలో ఈ మాట దగ్గర అది సబబా కాదా, ఆ తేల్చుకోవడమే తోడు వాయించే విద్య.

బీచ్ బాయ్స్ బృందపు బ్రయాన్ విల్సన్ స్వయంగా బేస్ వాయించేవాడు. 1966లో వచ్చిన ‘పెట్ సౌండ్స్’ ఆల్బమ్‌లో ‘గాడ్ ఓన్లీ నోస్’ వినండి. కార్డ్‌కు మూలమైన స్వరాన్ని చాలాచోట్ల అడుగున పెట్టకుండా, ఆ కార్డ్‌లోనే వేరే స్వరాన్ని బేస్‌కు ఇచ్చాడు. ఆ పాట ఎక్కడా పూర్తిగా కూర్చోదు. నిలుచునే ప్రేమ చెప్పుకుంటున్నట్టుంటుంది. పైన గొంతులు ఎంత తీయగా ఉన్నా, ఆ అస్థిమితం వచ్చేది కింది నుంచే.

ఆ ఆల్బమ్‌కు బేస్ వాయించినవాళ్లలో కేరల్ కే ఒకరు. ‘లీడ్ రానివాళ్లే బేస్‌కు వస్తారు’ అనేవాళ్లు ఈవిడ కథ వినాలి. లాస్ ఏంజెలిస్ స్టూడియోల్లో గిటారు వాయిస్తూ చేతినిండా పనితో ఉండేది. 1963లో ఒక రికార్డింగుకు బేస్ వాయించాల్సిన మనిషి రాకపోతే, ఆ పూటకు బేస్ అందుకుంది. మళ్లీ వెనక్కి చూడలేదు. గిటారు చేతకాక వచ్చిన మనిషి కాదు. గిటారు బాగా చేతనై, అది డబ్బు తెచ్చిపెడుతుండగా, ఇందులో ఎక్కువ చోటు ఉందని కనిపెట్టి వచ్చిన మనిషి.

పాల్ మెక్కార్ట్‌నీ సంగతి కొంచెం వేరు. 1961లో స్టువర్ట్ సట్‌క్లిఫ్ బీటిల్స్ బ్యాండ్ వదిలి హాంబర్గ్‌లో ఉండిపోతే, మిగిలినవాళ్లలో ఎవరికీ బేస్ అక్కర్లేదు. మెక్కార్ట్‌నీ మెడకు చుట్టుకుంది. ఇష్టపడి తీసుకోలేదని ఆయనే చెప్పుకున్నాడు. ఎనిమిదేళ్ల తర్వాత జార్జ్ హారిసన్ పాట ‘సమ్‌థింగ్’కు ఆయన వాయించిన బేస్ చూడండి. నెమ్మదిగా నడిచే పాట కింద ఏరులా మెలికలు తిరుగుతూ పోతుంది. అది మరీ ఎక్కువైందనేవాళ్లూ ఉన్నారు. నేనే ఒక్కోరోజు వాళ్ల పక్షం. మిగులు పనిగా నెత్తిన పడ్డదే ఎనిమిదేళ్లలో ఇలాంటి తగాదాకు తగినంత పెద్దదైందని చెప్పడానికే ఈ ముక్క.

తేలిక అనే మాటకు వద్దాం. అందులో నిజం లేదనను. 1951లో లియో ఫెండర్ కాలిఫోర్నియాలో ఈ వాద్యాన్ని మార్కెట్లోకి తెచ్చినప్పుడు తేలిక చేయడమే ఉద్దేశం. అప్పటిదాకా బేస్ అంటే మనిషంత ఎత్తు కర్రపెట్టె, డబుల్ బేస్. దాని మెడ మీద మెట్లు ఉండవు. వయొలిన్ మీదలాగే స్వరస్థానాన్ని చెవితో వెతుక్కోవాలి. ఫెండర్ మెడ మీద మెట్లు వేసి, గిటారులా భుజానికి తగిలించుకునేట్టు చేసి, ప్రిసిషన్ బేస్ అని పేరుపెట్టాడు. స్వరం కచ్చితంగా పలుకుతుందని ఆ పేరు. కాబట్టి వారం రోజుల్లో ఎవరైనా ఒక పాటకు బేస్ వాయించొచ్చు. హార్మోనియం మీద సరిగమలూ వారంలోనే వస్తాయి. దాన్నిబట్టి హార్మోనియం తేలికని ఎవరం అనం.

ఎక్కడ కష్టమో ఒక్క స్వరంలో చూపిస్తాను. నిమిషానికి 100 దెబ్బల వేగంలో పాట నడుస్తోంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య 0.6 సెకను. మొదటి దెబ్బకు డ్రమ్మరు కాలితో కిక్ కొడతాడు, రెండో దెబ్బకు చేత్తో స్నేర్. కిక్‌తో పాటు నేనొక స్వరం మీటాను. దీన్ని ఎక్కడ ఆపాలి?

స్నేర్ పడే క్షణానికి సరిగ్గా ఆపితే, ఆ స్నేర్ శుభ్రంగా, చెళ్లున పడుతుంది. వినేవాడి కాలు వాడికి తెలియకుండానే కదులుతుంది. స్నేర్ మీదుగా స్వరాన్ని సాగనిస్తే పాట బరువెక్కి, ఒళ్లు విరుచుకుంటున్నట్టు నడుస్తుంది. మెలోడీకి అది బాగుంటుంది, తీన్‌మార్‌కు చచ్చినా పనికిరాదు. సగంలోనే తుంచేస్తే పిల్లలు తొక్కుడు బిళ్ల ఆడినట్టు గెంతుతుంది. మీటిన చోటు అదే, స్వరమూ అదే. ఆపిన చోటొక్కటే మారింది.

ఆపడమూ ఒక పనితనమే. ఎడమచేతి వేలు తీగ మీద నుంచి ఎత్తకూడదు. ఎత్తితే ఖాళీ తీగ మోగిపోతుంది. నొక్కు మాత్రం సడలించాలి. తీగ మెట్టును వదలాలి, వేలిని వదలకూడదు. బియ్యపు గింజ ఎత్తంత కదలిక. ముందు వరసలో కూర్చున్నవాడికి కూడా కనపడదు. ఇది నాకు తెలిసేసరికి ఎనిమిదేళ్లు పట్టింది. అప్పటిదాకా స్వరాలను మొదలుపెట్టడమే నేర్చుకున్నాను. చెప్పింది గురువు కాదు, మా డ్రమ్మరు. తెనాలి దగ్గర ఒక పెళ్లిలో మధ్యలో టీ తాగుతుంటే అన్నాడు: "అన్నా, నీ నోటు నా స్నేర్ మీద కూర్చుంటోంది. కాస్త ముందే లేపు." ఆ రాత్రి రెండో సగమంతా లేపుతూనే ఉన్నాను. దిగాక ఎవరూ ఏమీ అనలేదు. జనం మాత్రం కుర్చీలు పక్కకు జరిపి ఆడారు.

ఇప్పుడు ‘వినపడదు’ అనేవాళ్లు. బేస్ మీద లావు తీగ సెకనుకు 41 సార్లు ఊగుతుంది. ఆ ధ్వని తరంగం పొడవు దాదాపు 27 అడుగులు. మీ ఫోను స్పీకరు వేలి గోరంత. అది అంత లోతుకు దిగలేదు. దిగకపోయినా బేస్ ఎంతో కొంత తెలుస్తుందంటే, ఆ స్వరపు పై పలుకులు మాత్రమే చెవిన పడితే మెదడు అడుగు స్వరాన్ని తనే పూరించుకుంటుంది కాబట్టి. ఫోనులో విని బేస్ లేదనడం బ్రిడ్జి మీద పోయే బస్సు కిటికీలోంచి చూసి గోదావరికి లోతు లేదనడమే. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీవాళ్లు 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. ఒక హెచ్చు స్వరం, ఒక తగ్గు స్వరం కలిపి లయగా వినిపిస్తూ, అప్పుడప్పుడు ఏదో ఒకదాన్ని 50 మిల్లీసెకన్లు ముందుగా పడేశారు. తప్పు తగ్గు స్వరంలో జరిగినప్పుడే మెదడు ఎక్కువగా ఉలిక్కిపడింది. లయకు వేళ్లతో తట్టేవాళ్ల చేతులూ తగ్గు స్వరం వెంటే ఎక్కువగా సర్దుకున్నాయి. అంటే పాడే అమ్మాయి కాస్త ముందొచ్చినా మనం క్షమిస్తాం. బేస్ ముందొస్తే ఒళ్లు ఒప్పుకోదు. ఎందుకు ఒప్పుకోలేదో మనకు తెలియదు గనుక, "ఈ రోజు ఆర్కెస్ట్రా ఎందుకో కుదర్లేదండీ" అని ఇంటికి పోతాం.

నిజంగానే వినపడకుండా చేస్తే ఏమవుతుందో ఒక పెద్ద బ్యాండే చూపించింది. 1988లో మెటాలికా ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’ విడుదల చేసింది. కొత్తగా చేరిన జేసన్ న్యూస్టెడ్ బేస్‌ను మిక్సింగులో దాదాపు లేనట్టు తగ్గించేశారు. ఆల్బమ్ లక్షల్లో అమ్ముడుపోయింది, నిజమే. కానీ ముప్ఫై ఏళ్లు దాటినా అభిమానులు ఆ ఒక్క తప్పును క్షమించలేదు. సొంతంగా బేస్ కలిపి మిక్సులు తయారు చేసుకున్నారు. వినపడనిదాని కోసం అంత గొడవ ఎవడు చేస్తాడు?

నన్ను నేరుగా పొట్టమీద కొట్టిన వాదన ఇంకొకటుంది: కీబోర్డువాడి ఎడమచెయ్యి ఖాళీయే కదా, బేస్‌వాడికి వేరే డబ్బులెందుకు? తొంభైల చివర్లో చవక కీబోర్డులు వచ్చాక ఈ ఆలోచన అందరు కాంట్రాక్టర్లకూ ఒకేసారి తట్టింది. నన్ను పిలిచే ఒకాయన ఒక సీజన్లో మర్యాదగానే చెప్పాడు, "ఈసారికి సర్దుకుంటున్నాం గురువుగారూ" అని. ఉక్రోషం ఆపుకోలేక, పిలవని పెళ్లికి పోయి స్టేజీ పక్కన నిలబడ్డాను. కీబోర్డు కుర్రాడు మంచి పనిమంతుడు. పల్లవి, అనుపల్లవి బాగానే లాగాడు. మొదటి చరణానికి ముందు వయొలిన్ల పీస్ వచ్చింది. దానికి రెండు చేతులూ కావాలి. ఎడమచెయ్యి పైకి లేచింది. పాట కింద నేల పోయింది. పాడుతున్న అమ్మాయి ఎత్తుకోబోతూ చటుక్కున వెనక్కి తిరిగింది. కీబోర్డు వైపు కాదు. ఎప్పుడూ నా ఆంప్లిఫయరు ఉండే మూల వైపు. అక్కడ కూల్‌డ్రింకుల క్రేట్లు ఉన్నాయి.

దీనికి వాళ్లు డోర్స్ బ్యాండ్‌ను చూపిస్తారు. రే మంజారెక్ కుడిచేత్తో ఆర్గన్, ఎడమచేత్తో కీబోర్డ్ బేస్ వాయించి బేస్‌వాడే లేకుండా నడిపాడు కదా అంటారు. స్టేజీ మీద నడిపాడు. స్టూడియోకు వెళ్లేసరికి? ‘లైట్ మై ఫైర్’కు లారీ నెక్టెల్ చేత బేస్ గిటారు విడిగా వాయించి కలిపించారు. 1971లో ‘ఎల్.ఏ. వుమన్’ ఆల్బమ్‌కు జెర్రీ షెఫ్‌ను పిలిపించుకున్నారు. అంత గొప్ప ఎడమచెయ్యికీ రికార్డు దగ్గర తోడు కావలసి వచ్చింది.

ప్రిన్స్ సంగతేమిటి అంటారు చదువుకున్నవాళ్లు. 1984లో ‘వెన్ డవ్స్ క్రై’ బేస్ లేకుండానే ఊపేసింది. బాగా అడిగారు. ప్రిన్స్ ఆ పాటకు మొదట బేస్ వాయించి రికార్డు చేశాడు, తర్వాత తీసేశాడు. ఉండి తీసేయడం వేరు, అసలు లేకపోవడం వేరు. పండగ పూట ఇంట్లో ఒక కుర్చీ ఖాళీగా ఉంటే ఆ ఖాళీని అందరూ చూస్తారు. ఆ పాటలో పొడి గాలి, ఆ ఒంటరితనం ఆ కుర్చీవే. పైగా ప్రిన్స్ అద్భుతమైన బేస్ వాద్యకారుడు. ఎక్కడ అక్కర్లేదో తెలియాలంటే ఎక్కడ కావాలో తెలిసి ఉండాలి.

ఇంతవరకు ఎదుటి పక్షం. నాకు ఎక్కువ కోపం మా సొంత పక్షపు వకీళ్ల మీద. "బేస్‌ను తక్కువ చేయకండి, బేస్ మీద కూడా సోలో వాయించొచ్చు, చూడండి!" అంటూ వీళ్లు ముందుకొస్తారు. రీల్స్ నిండా వీళ్లే. బొటనవేలితో తీగను బాదడం, చూపుడువేలితో లాగి వదలడం, ముప్ఫై సెకన్లలో మూడొందల స్వరాలు. పనితనం ఉంది, కాదనను. కానీ ఈ సమర్థనలో ఒక ఒప్పుకోలు దాగి ఉంది: తోడు వాయించడం నిజంగానే చిన్న పని, కాబట్టి మేం పెద్ద పని కూడా చేయగలమని చూపిస్తున్నాం, అని. కోడలు మంచిదని చెప్పడానికి ‘అచ్చం కూతురిలా ఉంటుంది’ అన్నట్టు. కోడలిగానే మంచిదైతే ఏం పోయింది?

తమాషా ఏమిటంటే, ఆ బాదుడు పుట్టిందే తోడు కోసం. దాన్ని మొదలుపెట్టిన లారీ గ్రాహమ్ వాళ్లమ్మ బృందంలో వాయించేవాడు. డ్రమ్మరు లేకుండా పోయాడు. కిక్ లేని లోటు తీర్చడానికి బొటనవేలితో తీగను కొట్టాడు, స్నేర్ బదులు ఇంకో తీగను లాగి వదిలాడు. అమ్మ పాటకు డ్రమ్ము లేని కొరత కనపడకూడదని చేసిన పని అది. దాన్ని ఇవాళ పాట లేకుండా, పాడేవాళ్లు లేకుండా, ఒక్కడే గదిలో కూర్చుని వాయించి చూపిస్తున్నారు. జాకో పాస్టోరియస్‌కూ ఇదే గతి పట్టింది. 1976లో వచ్చిన ఆయన సొంత ఆల్బమ్‌ను కుర్రాళ్లు స్వరం స్వరం కంఠతా పట్టేస్తారు. అదే ఏడాది జోనీ మిచెల్ ‘హెజీరా’లో ఆమె గొంతు చుట్టూ ఆయన అల్లిన బేస్ గురించి అడిగితే నీళ్లు నములుతారు. నా లెక్కలో రెండోదే పెద్ద పని. మెట్లు లేని బేస్ మీద ఆమె ఆగిన చోట మాట్లాడి, ఆమె మాట్లాడుతుంటే ఆగాడు.

జేమ్స్ జేమర్‌సన్ దగ్గర మాత్రం ఆగాలి. డెట్రాయిట్‌లో వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్ మీద ఒక మామూలు ఇల్లు, దాని వెనక చిన్న గది. మోటౌన్ కంపెనీ స్టూడియో అదే. వాద్యకారులు దాన్ని పాముల గుంట అనేవారు. అరవైలలో అమెరికాను ఊపిన పాటలు వరసపెట్టి ఆ గుంటలోంచి వచ్చాయి, వాటిలో చాలావాటి అడుగున జేమర్‌సన్ ఉన్నాడు. డబుల్ బేస్ నుంచి వచ్చినవాడు. 1962 నాటి ఫెండర్ ప్రిసిషన్, దాని మీద లావు తీగలు. తీగలు మార్చేవాడు కాదు. మీటడానికి కుడిచేతి చూపుడువేలు ఒక్కటే వాడేవాడు. ఆ వేలిని కొక్కెం అనేవాళ్లు. రీల్స్ కుర్రాళ్ల కొలతలో ఆయన ఫెయిల్.

‘మై గర్ల్’ పాట తెలుసా? 1964 చివర్లో వచ్చింది, టెంప్టేషన్స్ పాడింది. మొదలయ్యేది బేస్‌తోనే. కొద్దిపాటి స్వరాలు, గుండె కొట్టుకున్నట్టు. ఏడాది నేర్చుకున్న పిల్లాడు వాయించగలడు. ఇప్పుడు 1968లో వచ్చిన స్టీవీ వండర్ ‘ఫర్ వన్స్ ఇన్ మై లైఫ్’ వినండి. అదే మనిషి, అదే బేస్, అదే ఒక్క వేలు. ఒక్క చోట నిలవదు. సందు దొరికితే దూరుతుంది, ఎగురుతుంది, సగం స్వరాల మీద జారుతుంది, అయినా పాడేవాడి కాలికి ఎక్కడా అడ్డం పడదు. ఇందులో ఏది గొప్ప బేస్ అని నన్ను అడుగుతుంటారు. ప్రశ్నలోనే తప్పుంది. మొదటి పాటలో కుర్రాడు తన సంతోషాన్ని నిదానంగా చెప్పుకుంటున్నాడు, వాడి కింద కదలకూడదు. రెండోదాంట్లో సంతోషం ఒళ్లు మరిచిపోయింది, కదలకపోతే తప్పు. ఏ పాట ఏం అడుగుతోందో విన్నాడు, అది ఇచ్చాడు. ఆ చెవి కోసం జనం స్టూడియోలు కట్టుకుని ఎదురుచూశారు.

1970లో మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ పాట రికార్డు చేసిన రాత్రి, జేమర్‌సన్‌ను ఏదో క్లబ్బులోంచి వెతికి పట్టుకొచ్చారని, తాగి ఉండటంతో కూర్చోలేక నేల మీద వెల్లకిలా పడుకుని వాయించాడని చెబుతారు. కథలో కొంత మసాలా ఉండొచ్చు. మసాలా లేని నిజం ఏమిటంటే, అన్నేళ్లూ మోటౌన్ ఆల్బమ్ అట్టల మీద వాద్యకారుల పేర్లు లేవు. మొదట వేసింది 1971లో అదే పేరుతో వచ్చిన ఆల్బమ్‌కే. ఇంకో నిజం: 1983 మార్చిలో మోటౌన్ ఇరవై అయిదేళ్ల పండగ టీవీ కోసం ఘనంగా చేశారు. మైఖేల్ జాక్సన్ ‘బిల్లీ జీన్’కు మూన్‌వాక్ చేసిన రాత్రి అదే. ఆయన కాళ్ల కింద రికార్డులోంచి వస్తున్నది బేసే, అది లేకపోతే ఆ పాట నిలబడదు. జేమర్‌సన్ తన డబ్బుతో టికెట్ కొనుక్కుని, పైన బాల్కనీలో కూర్చుని అదంతా చూశాడు. ఆగస్టులో చనిపోయాడు. అంతకు కొద్దిరోజుల ముందే ఆయన బేస్‌ను ఎవరో దొంగిలించారు.

మన దగ్గర? ఇళయరాజా తన పాటలకు ప్రతి వాద్యం పలకాల్సింది తానే కాగితం మీద రాసి ఇస్తాడు, బేస్‌తో సహా. ‘గీతాంజలి’ (1989) పాటలు ఒకసారి మంచి హెడ్‌ఫోన్స్‌లో, మాటలు పట్టించుకోకుండా, అడుగు మాత్రమే వినండి. పాట కింద ఇంకో పాట నడుస్తుంటుంది. మా తరం బేస్‌వాళ్లం ఆ క్యాసెట్లు టేపు అరిగేదాకా వెనక్కి తిప్పి నేర్చుకున్నాం. క్యాసెట్ అట్ట మీద పాడినవాళ్లు, రాసినవాళ్లు, కట్టినవారు ఉండేవారు. ఆ బేస్ ఎవరి చేతిదో అప్పట్లో అట్ట చూసి తెలుసుకున్నది ఒక్కటీ లేదు. రెహమాన్ క్యాసెట్ల లోపలి కాగితం మీద వాద్యకారుల పేర్లు కనపడటం మొదలయ్యాక, కీత్ పీటర్స్ అనే పేరు పక్కన ‘బేస్’ అని చదివి, ఆ కాగితాన్ని మా డ్రమ్మరుకు చూపించాను. "మీవాడి పేరు కూడా వేశారే" అన్నాడు వాడు.

ఆ కుర్రాడి సంగతి మిగిలింది. తండ్రిని కాఫీతో పంపేశాక, వాణ్ణి ఉంచాను. వాడికి కావలసింది బాదుడే. ఫోనులో రెండు రీల్స్ చూపించాడు కూడా. నేను ఒక పాత నెమ్మది పాట ఇచ్చాను. కార్డ్ మారినప్పుడల్లా దాని మూల స్వరం ఒక్కటే వాయించాలి, అటూ ఇటూ పోకూడదు. రోజూ ఫోనులో రికార్డు చేసుకుని పడుకునే ముందు వినాలి. వాడి మొహం చూస్తే మళ్లీ రాడనిపించింది. రెండు వారాలు రాలేదు కూడా.

నిన్న రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ చేశాడు. "మాస్టారూ, రెండో చరణంలో ఆవిడ గాలి పీల్చుకునే చోటుంది కదా, అక్కడ నా నోటు ఆపేయాలా, ఆవిడ మళ్లీ ఎత్తుకునేదాకా ఉంచాలా?" వెనక వాళ్ల నాన్న అన్నానికి రమ్మని కేకలేస్తున్నాడు. రెండు రకాలుగానూ వాయించి పంపమన్నాను.